పబ్లిక్‌గా ఫోల్డరు షేర్ చేసే ముందు

సొంత డెస్క్‌టాప్ నుంచే ఒక ఫోల్డరును నలుగురికీ అందుబాటులో ఉంచాలనుకునేవారికి నేను మొదట చెప్పే మాట ఒక్కటే: రోజూ పని చేసుకునే ఫోల్డరును ఎన్నడూ షేర్ చేయకండి. అందుకోసమే వేరుగా ఒక ఖాళీ ఫోల్డరు తయారుచేసి, ఇవ్వదలచిన ఫైళ్ల కాపీలను మాత్రమే అందులో ఉంచండి. డాక్యుమెంట్స్ ఫోల్డరు మొత్తాన్ని తెరిచిపెట్టి, లోపలి సబ్‌ఫోల్డరు లింకు మాత్రమే ఇచ్చాం కదా అని ధీమాగా ఉండడం తగదు. ఆ చిరునామాలో చివరి భాగం చెరిపేసి పై ఫోల్డరులోకి వెళ్లడం ఎవరికైనా క్షణాల పని.

ఈ జాగ్రత్త ఎందుకో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో పాటు వచ్చే హెచ్‌టీటీపీ సర్వర్‌ను (ఫోల్డరులోని ఫైళ్లను బ్రౌజరుకు అందించే చిన్న ప్రోగ్రాంను) గమనిస్తే తెలుస్తుంది. ఒక్క కమాండ్‌తో అది 8000 పోర్టులో (పోర్టు అంటే నెట్‌వర్క్ నుంచి కంప్యూటరులోకి వచ్చే, నంబరున్న ద్వారం) మొదలవుతుంది. ఏ ఫోల్డరులో ఉండి ఆ కమాండ్ ఇచ్చామో, ఇండెక్స్ పేజీ (ఫోల్డరు చిరునామా తెరవగానే చూపించే ముఖపేజీ) లేకపోతే ఆ ఫోల్డరంతా, చుక్కతో మొదలయ్యే ఫైళ్లతో సహా, బ్రౌజరులో జాబితాగా కనిపిస్తుంది. అది పాస్‌వర్డ్ అడగదు, మామూలుగా ఎన్‌క్రిప్షన్ కూడా ఉండదు, పైగా లోపల ఎక్కడైనా సింబాలిక్ లింకు (వేరే చోట ఉన్న ఫైలుకో ఫోల్డరుకో దారి చూపేది) ఉంటే దాని వెంట వెళ్లి ఫోల్డరు బయటి ఫైళ్లను సైతం అందిస్తుంది. అసలైన సర్వరుగా దీన్ని వాడవద్దని పైథాన్ డాక్యుమెంటేషనే చెబుతోంది. నమ్మకమైన నెట్‌వర్కులో రెండు కంప్యూటర్ల మధ్య కాసేపు ఫైళ్లు పంపుకోవడానికి మాత్రం ఇది చక్కని సాధనమనే నా అభిప్రాయం.

విండోస్‌లో ఫోల్డరును షేర్ చేసేటప్పుడు ఇచ్చే షేర్ పర్మిషన్లు వేరు, డిస్కులోని ఫైళ్లకే ఉండే ఎన్‌టీఎఫ్‌ఎస్ పర్మిషన్లు వేరు; నెట్‌వర్క్ ద్వారా వచ్చేవారికి రెండూ వర్తిస్తాయి, వాటిలో ఏది కఠినమైతే అదే చెల్లుతుంది. ‘ఎవ్రీవన్’కు (అంటే అందరికీ) ‘రీడ్’ (చదివే అనుమతి) మించి ఏదీ ఇవ్వకండి. ఈ షేరింగ్ ఇంటి నెట్‌వర్క్ వరకే పరిమితం కావాలి. విండోస్ షేరింగ్‌కు వాడే ఎస్‌ఎంబీ ప్రోటోకాల్ నడిచే 445 పోర్టును రూటరులో ఇంటర్నెట్‌కు ఫార్వర్డ్ చేయడం (బయటివారికి తెరవడం) ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదు. 2017 మే నెలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై వైరస్ సుమారు 150 దేశాలకు పాకింది ఈ ప్రోటోకాల్‌ పాత వెర్షన్‌ను విండోస్ నడిపే తీరులోని లోపం వల్లనే. దాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలో విడుదల చేసినా, వేసుకోనివారు ఎందరో తమ ఫైళ్లను పోగొట్టుకున్నారు.

దూరాన ఉన్నవారికి పంపవలసి వస్తే నేను ఆనియన్‌షేర్ అనే ప్రోగ్రాంనే సూచిస్తాను. రూటరులో ఏ పోర్టూ తెరవనవసరం లేకుండా అది టోర్ నెట్‌వర్క్ (వాడేవారి గుర్తింపును దాచే నెట్‌వర్క్) ద్వారా మన కంప్యూటరు నుంచే ఫైళ్లు అందిస్తుంది, ప్రోగ్రాం మూసేయగానే పంపకం ఆగిపోతుంది. అందుకునేవారి దగ్గర టోర్ బ్రౌజరు ఉండాలన్నదే ఇబ్బంది.

ఫొటోలు ఉంచేటప్పుడు వాటిలో దాగి ఉండే జీపీఎస్ వివరాలను, డాక్యుమెంట్లలో మిగిలిపోయిన కామెంట్లను ముందే తొలగించండి. లింకు ఎవరికైనా పంపే ముందు ఫోనులో వైఫై ఆపి, మొబైల్ డేటాతో, ఏ అకౌంటులోనూ లాగిన్ కాని బ్రౌజరులో దాన్ని తెరిచి చూడండి: బయటివారికి కనిపించేది అచ్చంగా అదే. అవసరం తీరిన రోజునే షేరింగ్ ఆపేసి, రూటరులో ఏదైనా పోర్టు తెరిచి ఉంటే ఆ నియమాన్నీ తొలగించండి.