నొప్పికి విటమిన్ డబ్బా

విజయనగరం గంటస్తంభం దగ్గర మందుల షాపులో ‘యాంటీ ఆక్సిడెంట్’ డబ్బా ధర చూసి గుండె గుభేలుమంది. మా ఆడపడుచు మాత్రం కొనమని ఒకటే పోరు. “వదినా, నొప్పి తగ్గుతుందట!”

నాకున్నది ఎండోమెట్రియోసిస్. గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం బయట, నాకైతే ఎడమ అండాశయం మీద, పెరిగింది. నెలనెలా అక్కడా రక్తం స్రవిస్తుంది. బయటికి పోయే దారి లేదు. ఎర్రకణాలు చితికి, ఇనుము అక్కడే పేరుకుంటుంది. అది ఒంట్లోనే తయారయ్యే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో చర్య జరిపి, దేనినైనా ఇట్టే దెబ్బతీసే హైడ్రాక్సిల్ రాడికల్స్‌ను పుట్టిస్తుంది. అవి కణాల పొరలను దెబ్బతీస్తాయి, వాపును ఎగదోస్తాయి. ఆక్సీకరణ ఒత్తిడి అనేది ఇదే. ‘పెళ్లయితే సర్దుకుంటుంది’ అని ఒకప్పుడు నన్ను పంపేసిన డాక్టరమ్మకు ఇదంతా వినిపించాలని ఉంది!

మరి ఇలాంటి రాడికల్స్ ధాటిని తగ్గించే యాంటీ ఆక్సిడెంట్లు, అంటే ఆ డబ్బాలోని విటమిన్ల సంగతి? 2013లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో 59 మంది మహిళలు పాల్గొన్నారు. 8 వారాలు విటమిన్ ఇ, విటమిన్ సి కలిపి తీసుకున్నవారిలో 43 శాతం మందికి రోజువారీ నొప్పి తగ్గింది. ఆశ కలిగించే మాటే, కానీ అంత చిన్న గుంపును నమ్మి నేను డబ్బు పోయను. పైగా విటమిన్ ఇ మోతాదు మించితే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

అత్తయ్య ఉసిరికాయ పచ్చడి జాడీ నా వైపు జరుపుతూ “ఇది తిను, చాలు” అన్నారు. తింటాను, రుచి కోసం. హార్మోను మాత్ర మాత్రం మానను.