ఆరు పాయింట్లే

"నాన్నా, ఆరే కొట్టాను" అన్నాడు మావాడు, బాస్కెట్‌బాల్ మ్యాచ్ అయ్యి కారెక్కగానే. పోయిన నెల ఇరవై రెండు కొట్టి ఓడిపోయిన రోజున కూడా వీడికి ఇంత దిగులు లేదు. ఇవాళ గెలిచారండీ బాబూ!

నాకు మాత్రం మూడో క్వార్టర్లో ఒక్క పొజెషన్, అంటే బాల్ మనవాళ్ల చేతిలో ఉన్న ఒక విడత, ఇంకా కళ్లముందే ఆడుతోంది. కోర్టు కుడి పక్కన, వింగ్‌లో వీడికి బాల్ అందింది. మామూలుగా అయితే నాలుగు డ్రిబుల్స్, ఒక స్పిన్, ఇద్దరి మధ్యలోంచి దూరడం. ఇవాళ బాస్కెట్ దగ్గర పోస్ట్‌లో ఉన్న పొడుగబ్బాయికి పాస్ వేసి, ఆగకుండా బాస్కెట్ వెనక గీత, అదే బేస్‌లైన్ వైపు కట్ చేశాడు, చటుక్కున పరిగెత్తాడు. ఇద్దరు డిఫెండర్లు వీడి వెంటపడ్డారు. పొడుగబ్బాయి నుంచి బాల్ అవతలి మూలన ఖాళీగా ఉన్నవాడికి వెళ్లింది. త్రీ, మూడు పాయింట్లు! స్కోర్ షీట్లో వీడి పేరు పక్కన ఏమీ పడలేదు, అసిస్ట్ (బాస్కెట్ పడేలా చేసిన పాస్) కూడా పొడుగబ్బాయిదే.

"పాస్ ఇచ్చి నిలబడ్డావంటే నీ డిఫెండర్‌కి సెలవిచ్చినట్టే రా" అని కోచ్ మూడు వారాలుగా మొత్తుకుంటున్నాడు.

వీడికి మైకేల్ జోర్డాన్ పిచ్చి. 1986-87లో ఆయనకి మ్యాచ్‌కి 37.1 పాయింట్ల సగటు, అయినా ఆయన టీమ్ షికాగో బుల్స్ ప్లేఆఫ్స్ మొదటి రౌండ్లోనే ఇంటికి. అందుకే రాత్రి 1991 NBA ఫైనల్స్ ఐదో మ్యాచ్ పెట్టాను. చివర్లో తన మీదికి డిఫెండర్లు మూగుతుంటే జోర్డాన్ తన టీమ్‌మేట్ పాక్సన్‌కి పాస్‌లు.

కాసేపు చూసి, కంచంలో ఆవకాయ ముద్దలు ఐదు పేర్చాడు.

"ఇది నేను. నేనిటు కదిలితే వాడు ఖాళీ, కదా?"

ఆ ముద్ద తినేసి రెండోది జరిపాడు.