పాత క్రైమ్ సీరియళ్లు, అందులోని గే పాత్రలు

ఈ మధ్య పాత అమెరికన్ క్రైమ్ సీరియళ్లు వరుసపెట్టి చూస్తున్నాను, చూసినకొద్దీ బాధ పెరుగుతోంది. గే పాత్ర వచ్చిందంటే చాలు, అయితే శవం, కాకపోతే హంతకుడు. 1974లో 'పోలీస్ వుమన్' ఒక ఎపిసోడ్‌లో వృద్ధాశ్రమం నడిపే ముగ్గురు లెస్బియన్లు అక్కడి ముసలివాళ్లను దోచుకుని చంపేస్తున్నట్టు చూపించారు. దాని మీద కోపంతో లెస్బియన్ కార్యకర్తలు దాన్ని ప్రసారం చేసిన ఎన్‌బీసీ చానల్ న్యూయార్క్ ఆఫీసులోకే వెళ్లి బైఠాయించారు. సరైన పనే చేశారు.

ఏళ్ల తరబడి తేలని పాత హత్య కేసులను తిరగదోడే 'కోల్డ్ కేస్', 2003లో మొదలైంది, చాలా నయం. 1968 నాటి ఫిలడెల్ఫియాలో ఇద్దరు మగ పోలీసుల ప్రేమకథను నిజమైన ప్రేమకథలాగే చూపించింది. కానీ అందులోనూ ఒకడు చనిపోవాల్సిందే. నన్ను ఎక్కువగా కుదిపేసేది ఇలాంటి కథల్లోని కుటుంబాలు. పిల్లాడు బతికుండగా ముఖం తిప్పుకున్నవాళ్లు, డిటెక్టివ్ తలుపు తట్టాక, ఎన్నో ఏళ్ల తర్వాత, కూర్చుని ఏడుస్తారు. ఆ ఏడుపు నిజమే, నటులు కూడా ప్రాణం పెట్టి చేస్తారు, కాకపోతే ఆ తల్లీ కొడుకూ బతికుండగా ఎదురెదురుగా కూర్చుని గొడవపడి మళ్లీ కలిసిపోయే సీన్ ఒక్కటైనా రాసి ఉంటే, ఇంట్లో చెప్పుకోలేక టెన్షన్ పడుతూ టీవీ చూసిన ఎంతమందికి ధైర్యం వచ్చేదో.

అందుకే 'ఎన్‌వైపీడీ బ్లూ' అనే పోలీసు సీరియల్‌లోని గే పాత్ర జాన్ ఇర్విన్ అంటే నాకు అంత ఇష్టం. స్టేషన్‌లో ఉద్యోగం చేసుకునే మామూలు మనిషి. మొదట్లో అతన్ని చూసి ఇబ్బందిపడిన డిటెక్టివ్ సిపోవిజ్, తర్వాత్తర్వాత తన కొడుకునే నమ్మకంగా అతనికి అప్పగిస్తాడు.