అద్దం ఉన్న చోట మనం

చిత్రకళ చరిత్ర క్లాసులో మాస్టారు ఒక పోర్ట్రెయిట్ స్లయిడ్ వేసి చాలాసేపు ఊరుకునేవారు. తర్వాత ఒకటే ప్రశ్న: "ఎవరిని చూస్తున్నాడు?" మన బ్యాచ్‌లో ఆ ప్రశ్న మరిచిపోయినవాళ్లు ఉండరు. పోర్ట్రెయిట్లే వృత్తిగా పెట్టుకున్న నాకైతే అది రోజూ పనికొస్తోంది.

బొమ్మలోని మనిషి మనవైపు చూడటం మనకిప్పుడు మామూలు. పదిహేనో శతాబ్దపు ఇటలీలో చాలాకాలం అలా లేదు. రోమన్ నాణేల మీద ఉన్నట్టు గొప్పవాళ్లను పక్కనుంచి వేసేవారు. అక్కడి చిత్రకారుడు పియెరో డెల్లా ఫ్రాంచెస్కా వేసిన ఉర్బీనో నగర పాలక దంపతులు ఎదురెదురుగా ఉంటారు, మన ఊసే పట్టదు వాళ్లకి. అంతకు వెయ్యేళ్లకు పైగా ముందే ఈజిప్టులోని ఫయూమ్‌లో, మమ్మీల ముఖాలపై అమర్చిన చెక్క పలకల మీద, మైనం కలిపిన రంగుల్లో వేసిన మనుషులు పెద్ద పెద్ద కళ్లతో ఎదుటివాళ్లనే చూశారు.

అలా ఎదుటికి చూసే బొమ్మ చూపు మనం ఎటు నడిచినా వెంటే వస్తుంది. కారణం మాస్టారే చెప్పారు: నిజం మనిషి చుట్టూ తిరిగితే కంటిలో తెలుపు ఒక పక్క పెరిగి, ఇంకో పక్క తగ్గుతుంది, చదునైన బొమ్మలో ఆ పాళ్లు మారవు. 1453లో జర్మన్ క్రైస్తవ మతాచార్యుడు నికొలస్ ఆఫ్ కూసా అలాంటి చిత్రాన్ని జర్మనీలోని టెగర్న్‌సే మఠానికి పంపి, ఇద్దరు సన్యాసులను ఎదురెదురు దిక్కులకు నడవమన్నాడు. చూపు తన వెంటే వచ్చిందని ఇద్దరూ అంటారు. దేవుడు అందరినీ చూస్తూనే ఒక్కొక్కరినీ చూడటం ఇలాగేనన్నాడు. ఇంత చక్కని పాఠం నేను మరెక్కడా వినలేదు.

1433లో ఫ్లెమిష్ చిత్రకారుడు వాన్ ఐక్ వేసిన ఎర్ర తలపాగా మనిషి లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్నాడు. గడ్డం మీద పెరుగుతున్న వెంట్రుకలు, కళ్ల పక్కన ముడతలు, తూకం వేస్తున్నట్టున్న చూపు. అది స్వీయచిత్రమేనని చాలామంది నమ్మకం. "అయితే చూస్తున్నది మనల్ని కాదు, అద్దాన్ని. అద్దం ఉన్న చోట మనం నిలబడ్డాం," అనేవారు మాస్టారు.

జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ దగ్గర మాత్రం ఈ అద్దం మాట నేను ఒప్పుకోను. 1500 నాటి స్వీయచిత్రంలో, క్రీస్తును చూపే పద్ధతిలో తనను నిట్టనిలువుగా ఎదురుగా వేసుకుని, సరిగ్గా కళ్ల ఎత్తులో తన పేరూ, ఊరూ, 28 ఏళ్ల వయసూ లాటిన్‌లో రాసుకున్నాడు. అద్దం చదవదు కదా మాస్టారూ! ఆ రాత ఎవరి కోసం?