ల్యాప్‌టాప్‌కు ఎంత ర్యామ్ కావాలి? నోటుపుస్తకంలో వేసుకున్న ఒక లెక్క

మొన్న నవంబరులో ఒక సాయంత్రం. తొమ్మిదో తరగతి మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించడానికి అదే ఆఖరు రోజు. ఒక పక్క ఎక్సెల్‌లో మార్కుల పట్టిక, మరో పక్క బ్రౌజర్‌లో మార్కులు నింపే పేజీ. ఏడు గంటలకు గణితం ఉపాధ్యాయులందరికీ జూమ్ సమావేశం. సమావేశంలో చేరిన రెండు నిమిషాలకే ల్యాప్‌టాప్ లోపలి నుంచి గరగరమని చప్పుడు మొదలైంది. డిస్కు దీపం మినుకుమినుకుమనడం మాని ఏకధాటిగా వెలుగుతూనే ఉంది. నేను 17 అని కొడితే ఆ అంకెలు తెర మీదికి రావడానికి పది సెకన్లు. మౌసు కదిపితే బాణం గుర్తు ఉన్నచోటే ఉండిపోయి, కాసేపయ్యాక ఎక్కడో తేలేది. 38 మంది పిల్లల మార్కులు నింపి భద్రపరచబోయేసరికి గడువు దాటిందని పేజీ నన్ను బయటికి పంపేసింది. మళ్ళీ మొదటి నుంచి. పని ముగిసేసరికి రాత్రి 11.40. రికార్డు తయారు చేసుకోవడానికి ల్యాప్‌టాప్ కోసం ఎదురుచూసిన మా అమ్మాయి పక్కనే కుర్చీలో నిద్రపోయింది.

ఆ ల్యాప్‌టాప్ 2018లో కొన్నది. ఏడో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్కు. అప్పట్లో దుకాణం అతను "ఇంటి వాడకానికి నాలుగు చాలు మేడమ్" అన్నాడు. అప్పటికి ఆ మాట నిజమే. రెండు మూడేళ్ళు ఏ ఇబ్బందీ పెట్టలేదు. ఇప్పుడు విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11కు మారదామంటే అది ఒప్పుకునే ప్రాసెసర్ల జాబితాలో ఏడో తరం ఐ3 లేదు. కొత్తది కొనక తప్పదని తేలిపోయింది. తేలనిదల్లా ఒక్కటే: ర్యామ్ ఎంత ఉండాలి?

అడిగిన ప్రతివారూ ఒక అంకె చెప్పారు. స్టాఫ్ రూములో ఒకరు ఎనిమిది చాలన్నారు. ఇంకొకరు పదహారుకు తగ్గితే డబ్బు దండగ అన్నారు. పిల్ల చదువుకు ఉంటుంది, ముప్ఫై రెండు తీసుకోండి అన్నవారూ ఉన్నారు. అందరూ నా మంచి కోరే చెప్పారు. కానీ ఒక్కరూ "మీరు దాని మీద ఏమేమి పనులు చేస్తారు?" అని అడగలేదు. కొలవకుండా జవాబు రాయొద్దని ఇరవై ఏళ్ళుగా పిల్లలకు చెబుతున్నాను. నా సొంత డబ్బు విషయంలో ఆ నియమం పక్కన పెట్టడం ఇష్టంలేక ఒక నోటుపుస్తకం తీసుకున్నాను.

కొలిచే ముందు ఒక తికమక తీర్చుకోవాల్సి వచ్చింది. మెమరీ అన్న మాటను మనం రెండింటికీ వాడేస్తున్నాం. దుకాణంలో "512 మెమరీ" అంటే అది దాచుకునే చోటు. నేను అడుగుతున్నది పని జరిగే చోటు, అంటే ర్యామ్. మా అమ్మాయికి వంటింటితో చెప్పాను. సామాన్ల గది ఎంత పెద్దదైనా కూర తరిగేది వంటగట్టు మీదే. గట్టు నిండిపోతే ఒక గిన్నె దింపితేనే ఇంకొకటి పెట్టగలం. దింపినది మళ్ళీ కావలసివచ్చినప్పుడు ఎక్కించుకోవాలి. ర్యామ్ నిండినప్పుడు కంప్యూటర్ చేసేది అదే: అప్పటికి అక్కరలేదనుకున్న భాగాలను డిస్కు మీద రాసి చోటు చేసుకుంటుంది. దింపే చోటు పాత హార్డ్ డిస్కు అయితే ప్రతిసారీ పెరట్లోకి వెళ్ళి వచ్చినట్టు. తిరిగే పళ్ళెం లేని కొత్తరకం డిస్కు, అంటే ఎస్‌ఎస్‌డీ అయితే చేయి చాస్తే అందే అలమర. ఆ రాత్రి నేను విన్న గరగర, గిన్నెలు పెరట్లోకి మోసిన చప్పుడే.

కొలవడానికి ఏ సాఫ్ట్‌వేరూ కొననక్కరలేదు. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్, దాని కింద మెమరీ. అక్కడ 'ఇన్ యూజ్' అని ఒక అంకె ఉంటుంది. వారం రోజులు, పూటకు మూడుసార్లు, అప్పుడు ఏమేమి తెరిచి ఉన్నాయో రాసి పక్కన ఆ అంకె వేశాను.

వారం చివర చూస్తే ఆ పుస్తకం నాకు ఏమీ చెప్పలేదు. ఖాళీగా ఉన్నప్పుడు 2.7. బ్రౌజర్ తెరిస్తే 3.4. జూమ్‌తో సహా అన్నీ తెరిస్తే 3.6. అంటే నాకు నాలుగు కూడా అక్కరలేదనా? గ్లాసు పట్టేది నాలుగైతే ఎంత పోసినా అందులో నాలుగే కనబడతాయి, పొర్లిపోయినది కొలతకు రాదు. ఈ సంగతి మా బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పే సార్ చూపించారు. "టీచర్, ఆ అంకె కాదు, దాని కింద 'కమిటెడ్' అని ఉంది చూడండి" అన్నారు. తెరిచి ఉన్న ప్రోగ్రాములన్నిటికీ ఇస్తానని విండోస్ ఒప్పుకున్న మొత్తం అది. ర్యామ్‌లో ఉన్నదీ, డిస్కు మీదికి దింపినదీ రెండూ అందులో కలిసి ఉంటాయి. గీతకు ఎడమవైపు ఒక అంకె, కుడివైపు ఒక అంకె. ఎడమవైపుదే మనకు కావలసింది.

రెండో వారం ఆ అంకె రాశాను. యంత్రం అప్పుడే తెరిచినప్పుడు 3.5. వర్డ్‌లో ప్రశ్నపత్రం, బ్రౌజర్‌లో నాలుగైదు ట్యాబులు ఉన్నప్పుడు 5.6. మళ్ళీ ఒక సమావేశం రోజు, జూమ్, ఎక్సెల్, డజను ట్యాబులు, వాట్సాప్ అన్నీ ఉన్నప్పుడు 8.1. నాలుగు పట్టే గట్టు మీద ఎనిమిది సర్దుతున్నానన్నమాట. ప్రోగ్రాములు తాము నిజంగా వాడేదానికన్నా కాస్త ఎక్కువే అడిగి పెట్టుకుంటాయి కాబట్టి 8.1 అంటే అచ్చంగా 8.1 జీబీ ర్యామ్ కావాలని కాదు. అయినా సమస్య ఎక్కడుందో తెలిసింది.

ఏది ఎంత తీసుకుంటుందో చూడాలనిపించింది. క్రోమ్ తెరిచి ఉన్నప్పుడు షిఫ్ట్, ఎస్కేప్ నొక్కితే ట్యాబుల వారీగా లెక్క వస్తుంది. నేను అనుకున్నదానికీ అక్కడ కనిపించినదానికీ పొంతన లేదు. తెలుగులో ఆరు పేజీల ప్రశ్నపత్రం, రేఖాగణితం బొమ్మలతో సహా, వర్డ్‌లో 200 ఎంబీ దాటలేదు. జియోజీబ్రాలో త్రిభుజాలు, వృత్తాలు గీసుకునే ట్యాబ్ కూడా తక్కువే. ఉదయం చదివి మూయడం మరిచిపోయిన ఒక వార్తల పేజీ మాత్రం, కదిలే ప్రకటనలతో, సాయంత్రానికి 600 ఎంబీ దగ్గర కూర్చుంది. రాసుకోవడానికి, లెక్కలు వేసుకోవడానికి ర్యామ్ ఏమంత అక్కరలేదు. తినేది బ్రౌజరు, వీడియో సమావేశాలు. ఈ ఒక్క విషయం తెలిశాక వార్తల పేజీలు చదవగానే మూసేయడం అలవాటు చేసుకున్నాను. పాత యంత్రం మీద కూడా ఆ తేడా కనిపించింది.

అంతలో ఇంకో తికమక. తోటి టీచరుకు 16 జీబీ ల్యాప్‌టాప్ ఉంది. ఆమెది తెరిచి చూస్తే ఇంకా ఏ పనీ మొదలు పెట్టకుండానే 5.9 వాడుకలో ఉంది! ఊరికే ఉంటేనే ఆరు పోతే ఎనిమిది ఏ మూలకు? పదహారు తప్పదని ఆ రోజే నిర్ణయించేసుకోబోయాను. తరవాత నిదానంగా చదివి తెలుసుకున్నదేమంటే, చోటు ఎక్కువగా ఉంటే విండోస్ కూడా చేయి చాపుకుంటుంది. ప్రోగ్రాముల దగ్గరున్నదాన్ని వెనక్కి లాక్కోదు, దేన్నీ తొందరపడి కుదించదు. చోటు తగ్గితే సర్దుకుంటుంది. అందువల్ల పెద్ద యంత్రంలో కనిపించే అంకెను తెచ్చి చిన్న యంత్రానికి అతికించకూడదు. చిన్న యంత్రంలో తక్కువ చూపిస్తుంది, పెద్ద యంత్రంలో ఎక్కువ చూపిస్తుంది. నిజం తెలియాలంటే ఎనిమిది ఉన్న యంత్రం మీద నా పనే చేసి చూడాలి.

మా తమ్ముడు హైదరాబాదు నుంచి శని, ఆదివారాలకు ఇంటికి వచ్చినప్పుడు వాడి ల్యాప్‌టాప్ అడిగాను. 8 జీబీ, ఎస్‌ఎస్‌డీ, విండోస్ 11. "రెండు రోజులు నీదే అక్కా" అని ఇచ్చేశాడు. సమావేశం నాటి వాతావరణమంతా కావాలనే తెచ్చిపెట్టాను: వాడిని ఫోను నుంచి జూమ్‌లో కలవమన్నాను, ఎక్సెల్, వర్డ్, డజను ట్యాబులు తెరిచాను, వాట్సాప్ కూడా. వాడుకలో 6.7. ఖాళీ ఒకటి లోపే. ఎనిమిదిలో కొంత భాగాన్ని తెర బొమ్మల కోసం పక్కన పెట్టుకోవడం వల్ల మొత్తం కూడా 7.7 అనే చూపించింది. కానీ పని ఎక్కడా ఆగలేదు. అంకె కొట్టగానే అంకె పడింది. ఎప్పుడో మూసిన కిటికీ మళ్ళీ తెరిచినప్పుడు ఒక్క క్షణం తడబాటు, అంతే.

అంటే ఈ రోజుకు ఎనిమిది చాలు, అంచుల దాకా. నన్ను ఆలోచనలో పడేసింది ఆ అంచే. 2018లో నాలుగు కూడా ఇలాగే చాలింది. కొనేది మరో ఏడేళ్ళు వాడాలి. మా అమ్మాయి వచ్చే ఏడాది డిగ్రీలో చేరుతుంది, దాని పనులు ఎలా ఉంటాయో ఇప్పుడే చెప్పలేం. విండోస్ 11కు కనీసం 4 జీబీ ఉంటే చాలని మైక్రోసాఫ్టే అంటుంది. యంత్రం తెరుచుకోవడానికి చాలినది పని జరగడానికి చాలదని నాలుగు జీబీ మీద విండోస్ 10తో పడ్డ పాటే నాకు చెప్పింది. అదే మైక్రోసాఫ్ట్ 2024లో కోపైలట్ ప్లస్ పేరుతో తెచ్చిన ల్యాప్‌టాప్‌లకు 16 తప్పనిసరి చేసింది. ఆ ఏడాది అక్టోబరులో ఆపిల్ కూడా తన మ్యాక్‌బుక్ ఎయిర్‌లో 8తో మొదలయ్యే రకాన్ని తీసేసి 16తో మొదలుపెట్టింది. ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఇకమీదట ఏ యంత్రాన్ని కళ్ళ ముందు పెట్టుకుని రాస్తారో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఇక దుకాణాలు. ఖమ్మంలో రెండు చూసి, ఒక ఆదివారం సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు తమ్ముడితో వెళ్ళాను. అక్కడ నేర్చుకున్నది అంకె కన్నా ముఖ్యమైనది: ఆ ర్యామ్ ఎలా అమర్చారు? సన్నగా, తేలికగా ఉన్న ఒక ల్యాప్‌టాప్ మనసుకు బాగా నచ్చింది. 8 జీబీ. కానీ ఆ ర్యామ్ లోపలి ప్రధాన బోర్డుకే (మదర్‌బోర్డు) అతికించి ఉంది, ఇంకో ర్యామ్ ముక్క దూర్చే గాడి, అంటే స్లాట్, లేదు. కొన్న రోజు ఎంతో, పారేసే రోజు కూడా అంతే. అంచుల దాకా సరిపోతున్న ఎనిమిదిని అలా కొనడం తప్పని నాకు అనిపించింది. ఇంకొకటి కాస్త లావు, బరువు. 8 జీబీ బోర్డు మీద, పక్కన ఒక స్లాట్ ఖాళీ. ప్రకటన కాగితం మీద రెండింటికీ '8 జీబీ' అనే ఉంది. అడిగితే గానీ చెప్పరు. "స్లాట్ ఖాళీ ఉందా?" అని నేను అడిగితే ఒక దుకాణంలో ఉందన్నారు. టాస్క్ మేనేజర్ తెరిచి 'స్లాట్స్ యూజ్డ్' అన్న వరుస చూపించమంటే ఆ మాట మార్చుకున్నారు.

ఖాళీ స్లాట్ ఉన్నది తీసుకుని రెండేళ్ళ తరవాత వేయించుకుందామన్నది నా మొదటి ఆలోచన. అయితే ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు అప్పటికే వేగంగా పెరుగుతున్నాయి. తరవాత చౌక అవుతుందన్న నమ్మకం నాకు కలగలేదు. అందుకని ఇంకోచోట తగ్గించుకున్నాను. ఐ5 ప్రాసెసర్ వదిలి అదే వరుసలో ఐ3 తీసుకుని, మిగిలిన డబ్బుతో 8 జీబీ అదనంగా వేయించాను. నా వారాల లెక్కలో ప్రాసెసర్ నిండిపోయిన సందర్భం ఒకటి రెండు నిమిషాలే, ర్యామ్ నిండిపోయింది గంటల తరబడి. వీడియోలు కత్తిరించి కూర్చేవారికి, పెద్ద ప్రోగ్రాములు రాసేవారికి ఈ బేరం సరిపడదు. వాళ్ళ లెక్క వేరు.

వారంటీకి ఇబ్బంది రాకుండా కంపెనీ సర్వీసు సెంటర్‌లోనే వేయించాం. అక్కడి అమ్మాయి అడుగు మూత మరలు విప్పి, ముందుగా బ్యాటరీ తీగ ఊడదీసింది. కొత్త ముక్కను అంచులు పట్టుకునే తీసింది, బంగారు రంగు పళ్ళను తాకలేదు. ర్యామ్‌లో డీడీఆర్4, డీడీఆర్5 అని తరాలున్నాయని, డీడీఆర్4 ముక్క డీడీఆర్5 స్లాట్‌లో పట్టదని, గాటు వేరే చోట ఉంటుందని చూపించింది. ఏటవాలుగా లోపలికి దూర్చి, బొటనవేళ్ళతో కిందికి నొక్కగానే రెండు పక్కలా కొక్కేలు టక్కుమని పట్టుకున్నాయి. మొత్తం పావుగంట. తెరిచి చూస్తే 15.7.

డిసెంబరు చివర మళ్ళీ మార్కుల రోజు వచ్చింది, మళ్ళీ జూమ్ ఉంది. నోటుపుస్తకంలో ఆ రోజు వేసిన అంకె 9.2. తొమ్మిది గంటలకల్లా ల్యాప్‌టాప్ అమ్మాయి చేతిలో పెట్టేశాను.

పాతదాన్ని పారేయలేదు. తమ్ముడు దాని హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టాడు, విండోస్ బదులు లినక్స్ మింట్ వేశాడు. దానికి 2 జీబీ ఉన్నా నడుస్తుంది, 4 ఉంటే హాయి. ఇప్పుడది ఊళ్ళో అమ్మ దగ్గర ఉంది. పొద్దున్నే ఒకే ఒక ట్యాబులో సుప్రభాతం పెట్టుకుంటుంది. ఆ నాలుగు జీబీలే ఆమెకు చాలా ఎక్కువ. గరగర చప్పుడు లేదు కాబట్టి యంత్రం ఆగిపోయిందేమోనని మొదటి రోజు ఫోను చేసి అడిగింది.