ర్యాంకు ఒక్కటే చూసి అమెరికా యూనివర్సిటీని ఎంచుకోకండి

ఐవీ లీగ్ అంటే చదువులో మొదటి ఎనిమిది స్థానాలని చాలామంది అనుకుంటారు. నిజానికి అది 1954లో ఏర్పడిన, ఎనిమిది యూనివర్సిటీల క్రీడల కూటమి. స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ అందులో లేనే లేవు.

పరిమాణంలో తేడా మరీ ఎక్కువ. పాసడీనాలోని కాల్‌టెక్‌లో బ్యాచిలర్స్ విద్యార్థులు సుమారు వెయ్యి మందే. ఇల్లినాయ్ యూనివర్సిటీ అర్బానా-షాంపేన్ క్యాంపస్‌లో మొత్తం విద్యార్థులు 50 వేలు దాటారు. అక్కడ కోర్సులు, ల్యాబులు బోలెడు. కానీ మొదటి ఏడాది క్లాసుల్లో వందల మంది. ప్రొఫెసర్‌కి మీ ముఖం గుర్తుండాలంటే ఆఫీస్ అవర్స్‌కి (ఆయన విద్యార్థుల్ని విడిగా కలిసే వేళలకి) తప్పక వెళ్లాలి, లేకపోతే రికమెండేషన్ లెటర్ దగ్గర ఇబ్బందే.

ఇక ఊరు. షాంపేన్ నుంచి చికాగో సుమారు 135 మైళ్లు. మనవాళ్లు ఎక్కువగా చేరే యూటీ డాలస్ (టెక్సస్ యూనివర్సిటీ) ఉన్నది డాలస్ నగరంలో కాదు, దాని శివారు ఊరు రిచర్డ్‌సన్‌లో. దరఖాస్తు చేసేముందే మ్యాప్ తీసి, కిరాణాకొట్టుకు బస్సుందా, ఆదివారం కూడా నడుస్తుందా అని చూడండి.