ఒక్క కాటా కోసం చెన్నైకి రెండు ట్రిప్పులు

మా బావమరిది డాలస్‌లో ఉంటాడు. పద్ధతి గల మనిషి. ఏ ఫారం ఇచ్చినా ఒక్క గడి ఖాళీ వదలడు. మాకు పంపిన పార్సిల్ మీద కస్టమ్స్ ఫారం నింపేటప్పుడు 'వస్తువు వివరం' అన్నచోట, డబ్బా మీద అచ్చేసి ఉన్న మాటలు పొల్లుపోకుండా దించాడు: 'అమ్యునిషన్ రీలోడింగ్ స్కేల్', అంటే తూటాల మందు తూచే కాటా. ఆ మూడు మాటలకు అర్థం విప్పి చెప్పడానికి నాకు ఐదు వారాలు, రెండు చెన్నై ప్రయాణాలు పట్టాయి.

మా అమ్మాయి పదో తరగతి. రెండేళ్లుగా పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. నెల్లూరులో మినీ బైపాస్ వైపు ఒక రేకుల షెడ్డులో ఉంది వాళ్ళ షూటింగ్ రేంజ్. ఈ ఆటలో టార్గెట్ మధ్య ఉండే పది పాయింట్ల చుక్క అడ్డం అర మిల్లీమీటరు. పెన్ను మొనతో కాగితం మీద ఒక చుక్క పెట్టండి, అంతే. అరవై సార్లు కాల్చాలి. చుక్కకు సరిగ్గా నడిమధ్య తగిలితే 10.9, కాస్త జరిగితే 10.4, ఇంకా జరిగితే తొమ్మిదిలోకి జారిపోతుంది. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకం తెచ్చింది, 2012లో లండన్‌లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది ఈ ఆటలోనే.

ఇందులో వాడే పెల్లెట్, అంటే చిన్న గుండు, సీసంతో చేసింది. నడుము సన్నగా, రెండు వైపులా వెడల్పుగా బుడబుక్కలవాడి డమరుకంలా ఉంటుంది. 4.5 మిల్లీమీటర్లు. బరువు అర గ్రాము పైన కొంచెం. మందు ఉండదు, పేలదు, గాలి తోస్తే పోతుంది. ఒక డబ్బాలో ఐదు వందలు వస్తాయి. అన్నీ ఒకేలా కనిపిస్తాయి గానీ తూకంలో కొన్ని మిల్లీగ్రాములు అటూ ఇటూ ఉంటాయి. పోటీకి వెళ్ళేముందు తూచి, ఒకే బరువున్నవి విడిగా పెట్టుకోమని కోచ్ సార్ చెప్పాడు. దానివల్ల పది మీటర్ల దూరంలో ఎంత తేడా వస్తుందో నాకైతే అనుమానమే. కానీ పదిహేనేళ్ల పిల్లకు 'నా పెల్లెట్లు అన్నీ తూచినవే' అన్న ధైర్యం ఉంటే చెయ్యి వణకదు గదా అని ఒప్పుకున్నా.

ఇంటర్నెట్‌లో వెతికితే షూటింగ్ వాళ్ళ కోసం చేసిన చిన్న ఎలక్ట్రానిక్ కాటాలు కనిపించాయి. ధర ఎనభై డాలర్లు. అమ్మే వాళ్ళు అమెరికా దాటి పంపేది లేదన్నారు. ఎందుకో తర్వాత అర్థమైంది. అక్కడ చాలామంది కాల్చేసిన తూటాల ఇత్తడి గొట్టాలు పారేయరు. గొట్టాన్ని మళ్ళీ సరైన కొలతకు నొక్కి, అడుగున మందును అంటించే కొత్త క్యాప్ పెట్టి, మందు తూచి పోసి, పైన గుండు బిగిస్తారు. దాన్నే రీలోడింగ్ అంటారు. అందుకు కావలసిన ప్రెస్సులు, అచ్చులు, మందు కొలిచే కాటాలు అన్నీ ఒకే దుకాణంలో ఉంటాయి. మామూలు తూటాలు, వాటిని తయారుచేసే సామాన్ల ఎగుమతి వ్యవహారం 2020 మార్చి 9న వాళ్ళ విదేశాంగ శాఖ చేతిలోంచి వాణిజ్య శాఖ చేతికి మారింది. మారినా నిబంధనలు నిబంధనలే. ఏది పంపొచ్చో ఏది పంపకూడదో తేల్చుకునే ఓపిక లేక చిన్న దుకాణాలు అసలు ఏదీ పంపవు.

అందుకే బావమరిది కొని, తన పేరు మీద పోస్టులో వేశాడు. అంతకు ముందు మా ఆవిడ ఇంకో ఉపాయం చెప్పింది. వాళ్ళ పిన్ని డాలస్ నుంచి వస్తోంది, ఆమె బ్యాగులో పెట్టి పంపమందాం అని. డబ్బా మీద తూటా బొమ్మ ఉంది. అరవై ఎనిమిదేళ్ల పిన్నమ్మను, మోకాళ్ళ నొప్పులతో, చెన్నై ఎయిర్‌పోర్టులో తూటా బొమ్మ డబ్బాతో నిలబెట్టడం నాకు నచ్చలేదు. పోస్టే మేలన్నా.

పార్సిల్ చెన్నై దాకా వచ్చి ఆగింది. వారం తర్వాత కస్టమ్స్ వాళ్ళ నుంచి ఉత్తరం వచ్చింది. ఈ వస్తువు మందుగుండు తయారీకి సంబంధించిందిగా కనిపిస్తోంది, దిగుమతి లైసెన్సు ఉంటే చూపండి, లేకుంటే ఏమిటో, ఎందుకో రాతపూర్వకంగా వివరణ ఇవ్వండి అని. కింద కావలసిన కాగితాల జాబితా. అది చదివి మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

బావమరిదికి ఫోన్ చేశా.

"ఏంది అబ్బయ్యా అట్టా రాశావు? కాటా అని రాస్తే పోయేది గదా."

"డబ్బా మీద ఉండేదే రాశా బావా. అబద్ధం రాయమంటావా?"

వాడన్నదీ నిజమే. వాడు నిజం రాయబట్టే ఇబ్బంది వచ్చింది. మా ఆఫీసులో ఒకాయన 'గిఫ్ట్ అని రాయించుంటే ఎవరూ అడగరు' అన్నాడు. అది పాత ముచ్చట. ఐదు వేల రూపాయల లోపు బహుమతులకు ఉన్న సుంకం మినహాయింపు 2019 డిసెంబరులోనే పోయింది, రాఖీలకు, ప్రాణాలు నిలిపే మందులకు తప్ప. పైగా గిఫ్ట్ అన్నంత మాత్రాన లోపల ఉన్నది మారదు గదా.

సరే అని 1959 నాటి ఆయుధాల చట్టం తెరిచా. రెండో సెక్షన్‌లోనే మందుగుండు అంటే ఏమిటో ఉంది. రాకెట్లు, బాంబులు, గ్రెనేడ్లతో మొదలై, చివరికి వచ్చేసరికి మందుగుండు విడిభాగాలు, దాన్ని తయారుచేసే యంత్రాలు కూడా మందుగుండు కిందికే వస్తాయంటుంది. అంటే తూటాలు బిగించే ప్రెస్సు చట్టం దృష్టిలో తూటాతో సమానం. ఒక్క రవ్వ మందు లోపల లేకపోయినా సరే. పదో సెక్షన్ ప్రకారం వాటిని ఏ దారిన దేశంలోకి తెచ్చినా లైసెన్సు ఉండాలి. 'ఫైర్ ఆర్మ్' అంటే పేలుడుతో గానీ, వేరే ఏ శక్తితో గానీ గుండును తోసేది అని ఉంది. గాలి కూడా శక్తే. మా అమ్మాయి రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేకుండా ఉన్నది 2016 నాటి ఆయుధాల నిబంధనల్లో 4.5 మిల్లీమీటర్ల గొట్టం, గుండును తోసే శక్తి 20 జౌల్స్ లోపు ఉన్నవాటికి మినహాయింపు ఇచ్చారు కాబట్టి. ఇదంతా చదివాక ఆ ఉత్తరం రాసినవాళ్ళ మీద నాకు కోపం పోయింది. వాళ్ళ స్థానంలో నేనున్నా ఆపేవాణ్ణే. ఇక తేలాల్సింది ఒక్కటే: కాటా యంత్రమా, కాదా?

ఈలోపు జోనల్ పోటీలు దగ్గరపడ్డాయి. ఆదివారం పొద్దున అమ్మాయిని తీసుకుని ఆచారి వీధికి వెళ్ళా. మా పెళ్ళి నగలు చేసిన ఆచారి గారు ఇంకా అక్కడే కూర్చుంటారు. గాజు పెట్టెలో ఆయన కాటా. పెల్లెట్ డబ్బా చూసి, ఒకటి చిమటాతో పైకెత్తి, వెలుగులో తిప్పి చూశారు.

"సీసమా? దీన్ని తూచేదానికి వచ్చారా? బంగారం ధర ఇట్టా ఉంటే ఇంక మీరు సీసమే తూపించుకుంటారు లే."

గాజు తలుపు మూసి చూపించారు. 0.531. ఇంకొకటి 0.530. మూడోది 0.536. "నాలుగు గురిగింజల ఎత్తు, పైన ఇంకొంచెం," అన్నారు ఆచారి గారు. అమ్మాయి నోట్‌బుక్కులో గీతలు గీసి, మిల్లీగ్రాముకో గడి పెట్టుకుంది. రెండు గంటలు కూర్చుని రెండు వందల పెల్లెట్లు తూచాం. డబ్బులు తీసుకోలేదాయన. కాఫీ కూడా తెప్పించారు.

చెన్నైకి మొదటిసారి తెల్లవారుజామున బస్సులో బయల్దేరా. సూళ్లూరుపేట, తడ దాటేసరికి తెల్లారింది. ఫైల్లో అన్నీ ఉన్నాయనుకున్నా: ఆధార్, పాన్, అమ్మాయి స్కూల్ గేమ్స్ సర్టిఫికెట్, కోచ్ లెటర్, కాటా కంపెనీ కేటలాగులో ఆ పేజీ ప్రింటు. లేనిది ఒక్కటి. బిల్లు బావమరిది పేరు మీద ఉంది. ఆయనకూ మీకూ సంబంధం ఏమిటి, డబ్బు ఎవరు కట్టారు అన్నదానికి కాగితం లేదు. ఆ ఒక్కదానికి తిరిగొచ్చేశా. డాలస్‌లో అర్ధరాత్రి లేపి, సంతకంతో ఉత్తరం, కార్డు స్టేట్‌మెంటు తెప్పించా. వాడు ఆ ఉత్తరంలోనూ ఏ గడీ వదల్లేదు, మా పెళ్ళి తేదీతో సహా రాశాడు.

రెండో ట్రిప్పులో నా ముందే పెట్టె విప్పారు. అధికారి తమిళాయన, తెలుగు బాగానే మాట్లాడతాడు. లోపల అరచేతి అంత కాటా, ఒక చిన్న పళ్ళెం, సరిచూసుకునే తూకపు రాళ్ళు రెండు, ఒక ప్లాస్టిక్ గరాటు. నా గుండె ఆ గరాటు దగ్గర ఆగింది. పళ్ళెం మీద ఇంగ్లీషులో 'పౌడర్ ప్యాన్' అని పొడుచుకొచ్చిన అక్షరాలు.

"పౌడర్ అంటే వెడిమరుందా?" అన్నాడాయన.

వాళ్ళకు వెడిమరుందు, మనకు తుపాకీ మందు. అవునండీ, అమెరికాలో దీంట్లో అదే పోస్తారు, మేము మాత్రం పెల్లెట్లు పోస్తాం అన్నా. దాచడానికి ఏం లేదు. జేబులోంచి పెల్లెట్ల డబ్బా తీసి ఇచ్చా. ఆయనే బ్యాటరీ వేసి, ఒకటి పళ్ళెంలో పెట్టాడు. 8.18 అని వచ్చింది.

"ఎనిమిది గ్రాములా?"

"గ్రెయిన్లండీ. ఒక గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు."

బటన్ నొక్కితే గ్రాములు, ఇంకోసారి నొక్కితే రత్నాలు తూచే క్యారెట్లు వచ్చాయి. ఆ క్యారెట్లే మమ్మల్ని గట్టెక్కించాయి. నగల వాళ్ళూ వాడుకునే మామూలు కాటా ఇది, తూటా పట్టే భాగం గానీ, బిగించే భాగం గానీ ఏదీ లేదు అని ఆయన నోట్ రాసుకున్నాడు. గరాటును వేలితో తిప్పి చూశాడు. కావాలంటే అది ఉంచేసుకోండి అన్నా. "ఇది ఎందుకు సార్ మాకు, మా ఇంట్లో నూనె పోసుకునేది దీనికన్నా పెద్దది," అని తిరిగి పెట్టెలో పడేశాడు. దీన్ని మందుగుండు తయారీకి వాడనని, ఎవరికీ అమ్మనని రాయించుకున్నారు. సుంకం నాలుగు వేల పైన పడింది. కాటా ధర మీదే కాదు, పోస్టు ఖర్చు కూడా కలిపి దాని మీద వేస్తారు. అది ముందే తెలుసుంటే బావమరిదిని అంత ఖరీదైన పోస్టులో వేయొద్దనేవాణ్ణి.

ఈ సంగతి చుట్టాల్లో పాకింది. ఒంగోలు నుంచి మా పెదనాన్న గారి అబ్బాయి ఫోన్ చేశాడు. వాళ్ళకు లైసెన్సున్న పన్నెండు బోరు తుపాకీ ఉంది. "నీకు వచ్చింది గదరా, నాకూ ఒక ప్రెస్సు తెప్పియ్యి, తూటాలు మనమే చేసుకోవచ్చు," అన్నాడు. తుపాకీకి లైసెన్సు ఉన్నంత మాత్రాన తూటాలు తయారుచేసే అనుమతి ఉన్నట్టు కాదన్నా, ఆ ప్రెస్సు పోస్టులో వస్తే అది నా కాటాలాగా క్యారెట్లు చూపించి తప్పించుకోలేదని చెప్పా. ఇప్పటికీ అలిగే ఉన్నాడు.

కాటా ఇంటికొచ్చిన రోజు అమ్మాయి ఆచారి గారి దగ్గర తూచిన పెల్లెట్లే మళ్ళీ దీంట్లో తూచింది. మొదటిది 8.18. మళ్ళీ పెడితే 8.22. ఇంకోసారి 8.16. పాడైందేమోనని నాకు మళ్ళీ టెన్షన్. కేటలాగు తీసి చదివితే, ఇది 0.02 గ్రెయిన్ వరకే చూపిస్తుందని ఉంది. అంటే ఒక మిల్లీగ్రాము కన్నా ఎక్కువే. ఆచారి గారిది సరిగ్గా మిల్లీగ్రాము చూపిస్తుంది. పైగా దానికి గాజు పెట్టె ఉంది, దీనికి లేదు. అంకెలు ఊగుతున్నది మా పైన తిరిగే ఫ్యాను గాలికి.

ఫ్యాను ఆపితే నిలకడగానే చూపిస్తోంది. కానీ అది రోహిణి కార్తె. తలుపులు వేసి, ఫ్యాను ఆపి, నుదుటి చెమట పళ్ళెంలో పడకుండా చేత్తో తుడుచుకుంటూ ముప్పై పెల్లెట్లు తూచింది. ముప్పై ఒకటోది పెట్టబోయి, డబ్బా మూత వేసేసి, "నాన్నా, ఆచారి తాత ఆదివారం ఉంటాడా?" అంది.